తాబేలును మళ్లీ నిద్రపుచ్చిన భాయ్

భాయ్ చనిపోయాడని నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. ఖమ్మం మిర్చి యార్డు వెనక గేటు ఎదురుగా ఉంటుంది ఆ కొట్టు. పొద్దున్నే డ్యూటీకి పోతూ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. పక్క బెంచీ మీద ఒక కోచింగ్ కాలేజీ హాస్టల్ చూసుకునే సారు కూర్చుని ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు. "గేమ్ షాపోడు పోయిండట. షట్టర్ లేపుకుంట లేపుకుంటనే కూలిండట. ఇగనన్న పిల్లలు బాగుపడతరు."

అని ఫోన్ జేబులో పెట్టుకుని, బిస్కెట్ టీలో ముంచుకుని తిన్నాడు. నేను గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. ఆ సారును ఒక్క మాట కూడా అనలేదు. అననందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, ఎలా రాయాలో ఎవరూ నేర్పలేదు. తప్పులుంటే ఉంటాయి, అబద్ధం మాత్రం ఉండదు.

నేను వెళ్లేసరికి భాయ్‌ని ఇంటికి తీసుకుపోయారు. షాపు షట్టర్ సగానికి లేచి ఆగిపోయి ఉంది. దాన్ని పైకి తోసినవాడు లేడు, కిందికి దించాలని ఎవరికీ తోచలేదు. దాని కింద చెప్పుల జత ఒకటి ఉంది. జిరాక్స్ షాపువాడు వాటిని దాటుకుంటూ తన గిరాకీ తను చూసుకుంటున్నాడు.

భాయ్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోచింగ్ కాలేజీల సందులో, జిరాక్స్ షాపుకీ కర్రీ పాయింటుకీ మధ్య, నాలుగు మిషన్లు పట్టే గది ఆయనది. బోర్డు మీద ఇప్పటికీ గడియారం బొమ్మే ఉంది. వాళ్ల తాత, నాయన గడియారాలు బాగుచేసినవాళ్లు. భాయ్ కూడా కంటికి అద్దం బిగించుకుని సగం వయసు దాకా అదే పని చేశాడు. తర్వాత ఫోన్లు వచ్చాయి, గడియారాలు రావడం మానేశాయి. దానికి తోడు ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. వణికే చేతులకు గడియారం ఎవరిస్తారు? అప్పుడు నాలుగు మిషన్లు, నాలుగు జాయ్‌స్టిక్కులు తెచ్చి గేమ్ షాపు పెట్టాడు. జాయ్‌స్టిక్ పాడైతే మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వాళ్ల తాత స్క్రూడ్రైవర్లతోనే విప్పి, ఎంతసేపు పట్టినా తనే బాగుచేసేవాడు.

నేను మొదటిసారి ఆ షాపుకు పోయింది యార్డుకు సెలవున్న రోజు. అప్పుడు నేను హమాలీని. మిర్చి బస్తాలు మోసేవాడి చేతులు మీకు తెలియవు. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఘాటు పోదు. అంతకుముందు ఒక గేమ్ షాపుకు రెండోసారి పోతే నన్ను గడప కూడా దాటనివ్వలేదు. మొదటిసారి నేను ముట్టిన జాయ్‌స్టిక్ ఇంకొకడు ముట్టి కళ్లు నలుపుకున్నాడట, గొడవైందట. ఆ షాపువాడు "హమాలీలు ఇటు రావద్దు" అని గట్టిగా అరిచి చెప్పాడు, సందంతా వినేలా.

భాయ్ నన్ను చూశాడు. చేతుల వంక చూశాడు. మూలనున్న కొబ్బరి నూనె సీసా తీసి, ముందు తన చేతులకు పూసుకున్నాడు. తర్వాత సీసా నా చేతిలో పెట్టాడు. "నూనె రాసి, సబ్బుతోని కడుగు. ఘాటు నూనెకే పోతది, నీళ్లకు పోదు" అన్నాడు. అక్కడున్నవాళ్లకు అది ఆ షాపు పద్ధతి అనిపించింది. మిర్చి ముట్టని భాయ్ తన చేతులకు నూనె ఎందుకు పూసుకున్నాడో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ సీసా ఎప్పటికీ అక్కడే ఉండేది. అయిపోకముందే ఇంకొకటి వచ్చేది.

పిల్లలను చెడగొట్టాడట. సారూ, ఆ షాపులో ఒక నియమం ఉండేది, మీరు ఎప్పుడైనా లోపలికి వచ్చుంటే తెలిసేది. క్లాసుల టైములో కోచింగ్ పిల్లలు వస్తే మిషన్ ఇచ్చేవాడు కాదు. పొమ్మనేవాడు కూడా కాదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఎందుకొచ్చావని అడిగేవాడు. ఒకసారి మీ హాస్టల్ పిల్లాడే ఏడుస్తూ వచ్చాడు. పరీక్షల మీద పరీక్షలు పెట్టి మీరు వాణ్ని పడుకోనివ్వలేదు. భాయ్ వాణ్ని తన ఇంటికి తీసుకుపోయి మంచం వేసి పడుకోబెట్టాడు. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి పిలిపించి, వారం రోజులు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. మీరు మాత్రం హాజరు పట్టీలో గైర్హాజరు వేసి ఊరుకున్నారు. ఆ పిల్లాణ్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక ఆట సంగతి.

దాని పేరు రాయను. పేరు రాస్తే దాన్ని పట్టుకుని వాదించేవాళ్లు వస్తారు, భాయ్ పక్కకు పోతాడు. ఎక్కడిదో దూరదేశపు పురాణం మీద చేసిన ఆట. ఒక కావలివాడు ఉంటాడు. తొమ్మిది లోయలు దాటిపోయి, ఆరిపోయిన ఒక దీపం మళ్లీ వెలిగించాలి. దారి పొడుగునా రాక్షసులు, శాపం తగిలి మతి తప్పిన దేవతలు. రెండు దెబ్బలు తగిలితే కావలివాడు చస్తాడు. చచ్చిన ప్రతిసారీ వెనకటి దీపస్తంభం దగ్గర లేస్తాడు. వాడితోపాటు, అంతకుముందు వాడు చంపినవాళ్లంతా లేస్తారు. కోచింగ్ పిల్లల్లో చాలామంది మొదటి వంతెన దగ్గరే వదిలేశారు. ఆ వంతెన మీద పది చేతుల కమ్మరి రాక్షసుడు ఉంటాడు. పది చేతుల్లో పది సుత్తెలు.

నేను ఆ కమ్మరి చేతిలో మూడు సెలవులు చచ్చాను. కోపం వచ్చి జాయ్‌స్టిక్ బల్లకేసి కొట్టబోయాను. భాయ్ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది. "వానికి చేతులు పది ఉన్నయ్ తమ్మీ, కాళ్లు రెండే. కాళ్లు చూడు" అన్నాడు. చూశాను. ఏ సుత్తె వచ్చే ముందైనా వాడి ఎడమ కాలు కొంచెం జరుగుతుంది. ఆ రోజే వంతెన దాటాను.

ఆయన మాటలు అన్నీ అట్లాగే ఉండేవి. చచ్చినప్పుడు తిట్టుకుంటూ అదే దారిన పోతుంటే, "చచ్చిన కాడికి మళ్ల పో, గని చచ్చిన తీరుగ పోకు" అనేవాడు. ఇంకొకటి ఉంది, అది షాపులో అందరికీ చిరాకు. ఆటలో దారి పక్కన చిన్నచిన్న మనుషులు ఉంటారు. పేరు మర్చిపోయిన ఊరి దేవత, పడవ పోగొట్టుకున్న గుడ్డివాడు, కుండలు చేసే ముసలామె. వాళ్ల కథలు అసలు కథకు అక్కర్లేదు, వినకుండానే ఆట ముగించొచ్చు. పిల్లలు వాళ్ల మాటలు మధ్యలోనే బటన్ నొక్కి దాటేసేవాళ్లు. భాయ్ ఊరుకునేవాడు కాదు. "మనిషి మాట్లాడుతుంటే బటన్ నొక్కకు. ఇంట్ల గూడ గట్లనే లేచిపోతవా?" అనేవాడు.

నా ఇంగ్లీషు అక్కడి నుంచి వచ్చిందే. ఆటలో దొరికే ప్రతి వస్తువు కింద రెండు మూడు లైన్లు రాసి ఉంటాయి. భాయ్ అట్ట ఊడిపోయిన డిక్షనరీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చదవనిదే ముందుకు పోనిచ్చేవాడు కాదు. బరిసె గురించి, మట్టిదీపం గురించి, పగిలిన గంట గురించి ఒక్కో మాట వెతుక్కుంటూ చదివాను. రెండేళ్ల తర్వాత కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ నడిపే పని ఖాళీ అయితే, ప్యానెల్ మీద ఇంగ్లీషు చదవగలిగిన హమాలీ నేనొక్కణ్నే. ఎక్కడ చదువుకున్నావని ఇంజనీరు అడిగాడు. గేమ్ షాపులో అంటే నవ్వాడు. నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు తాబేలు దగ్గరికి వస్తున్నాను.

మాది జూలూరుపాడు దాటి అడవి వైపు పోతే వచ్చే ఊరు. మేం కోయవాళ్లం. మాలో ఒక్కో గట్టుకు, అంటే ఒక్కో గోత్రానికి, ముట్టకూడనివి కొన్ని ఉంటాయి. మా ఇంటివాళ్లం తాబేలును చంపం, తినం. వలలో పడితే వాగులో వదిలేస్తాం. దీని మీద నాకు సిగ్గు లేదు, గొప్పా లేదు. మీకు కొన్ని ఉంటాయి, మాకు కొన్ని ఉంటాయి.

ఆ ఆటలో ఆరో లోయలో బురద చెరువు ఉంది. అందులో కొండంత తాబేలు నిద్రపోతుంటుంది. దాని వీపు మీద నిజంగానే చిన్న కొండ, చెట్లు. మనం కొడితే తప్ప అది లేవదు, ఎవరి జోలికీ రాదు. కొట్టి చంపితే దాని పెంకు కవచంగా దొరుకుతుంది. అసలు కథకు దాన్ని చంపడం అక్కర్లేదు. నేను ఆ చెరువును చుట్టి పోయాను. చివరి రాక్షసుణ్ని చంపి దీపం వెలిగించిన రోజు షాపంతా కేకలు వేసింది. అప్పుడు తెర మీద తొంభై తొమ్మిది శాతం అని వచ్చింది. మిగిలిన ఒక్క శాతం తాబేలుదే.

"కొట్టన్నా, వంద చేద్దాం" అని అందరూ మీద పడ్డారు. అందరికంటే ఎక్కువ అరిచింది, భాయ్ ఇంట్లో పడుకుని లేచిన ఆ హాస్టల్ పిల్లాడే. నేను చెరువు దాకా పోయాను. ఆటలో దండం పెట్టే బటన్ ఒకటి ఉంది, అది నొక్కాను. కావలివాడు మోకాళ్ల మీద కూర్చుని తాబేలుకు దండం పెట్టాడు. నేను జాయ్‌స్టిక్ కింద పెట్టాను. షాపు పడీపడీ నవ్వింది. అడవి నుంచి వచ్చాడు కదా, రేపు దీనికి కోడిని కూడా కొయ్యమంటాడు అన్నారు.

అప్పుడు భాయ్ ఒక తప్పు చేశాడు. ఆయన మంచివాడని చెప్పడానికి దీన్ని దాచను. నా భయం పోగొడదామనుకున్నాడు. "బొమ్మనే కదా తమ్మీ, చూడు" అని జాయ్‌స్టిక్ తీసుకుని, నన్ను అడగకుండా తాబేలు మీద ఒక్క దెబ్బ వేశాడు. అది లేచింది. ఒక్క విదిలింపుతో కావలివాణ్ని చంపేసింది. అందరూ మళ్లీ నవ్వారు. ఆ ఆటలో ఒకసారి లేచిన తాబేలు ఇక పడుకోదు. మనం చచ్చి మళ్లీ లేచినా అది మేలుకునే ఉంటుంది. నేను బయటికి వచ్చేశాను. మళ్లీ ఆ సందులోకి పోలేదు.

పదిహేను రోజుల తర్వాత భాయ్ యార్డుకు వచ్చాడు. నేనింకా బస్తాలు మోస్తున్న రోజులు. సీజన్ మీద ఉంది, గాలి పీలిస్తే గొంతు మండిపోయే రోజులు. దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, కళ్లలో నీళ్లు కారుతుంటే బస్తాల మధ్య ఒక్కొక్క హమాలీ ముఖం చూసుకుంటూ వచ్చాడు. మావాళ్లు ఎగతాళి చేశారు, సాయిబు పచ్చడికి మిర్చి చూసుకుంటున్నాడని. నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నిన్ను అడిగి ఉండాల్సింది. అడగకుండ కొట్టిన. తప్పయింది తమ్మీ" అన్నాడు.

బస్తా నా వీపు మీదే ఉంది. దించాలని కూడా తోచలేదు. నా జీవితంలో అంత వయసున్న మనిషి నాకు తప్పయిందని చెప్పడం అదే మొదలు. చాలామంది తప్పులు చేశారు. బస్తా మీద బస్తా ఎత్తినవాళ్లు, నా పేరుకు బదులు "అడవోడా" అని పిలిచినవాళ్లు, నన్ను గడప దాటనివ్వనివాళ్లు. వాళ్లలో ఒక్కడూ నన్ను వెతుక్కుంటూ రాలేదు. పదిహేను రోజులుగా దాచుకున్న కోపం నోటిదాకా వచ్చింది. అయినా "దుమ్ముల నిలవడకు భాయ్, దగ్గొస్తది" అన్నాను.

ఆయన పోలేదు. "ఎందుకు కొట్టరో మీ నాయన నోటితోని ఇనాలె. ఎప్పుడు తోల్కపోతవ్?" అన్నాడు.

ఎండాకాలం మొదట్లో, తునికి పండ్లు వస్తున్నప్పుడు తీసుకుపోయాను. జూలూరుపాడు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, తర్వాత నడక. మా నాన్న పందిరి కింద మంచం వేశాడు. అమ్మ తునికి పండ్లు, అంబలి పెట్టింది. భాయ్ వచ్చిన పని చెప్పాడు. బొమ్మ తాబేలును కొట్టి, దాని సంగతి అడగడానికి ఖమ్మం నుంచి వచ్చిన మనిషిని మా నాన్న ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వి చెప్పడం మొదలుపెట్టాడు.

మా నాన్న కథ చెప్పడం అంటే మామూలు కాదు. రెండు మాటలు చెబుతాడు, చుట్ట వెలిగిస్తాడు. ఇంకో మాట చెబుతాడు, మేకను అదిలిస్తాడు. మధ్యలో మా భాషలోకి పోయి, తిరిగి తెలుగులోకి వస్తాడు. వరద వచ్చి మా పెద్దలు పిల్లలతో ఒడ్డున చిక్కుకున్నారు. తాబేలు వాళ్లను వీపున ఎక్కించుకుంది. వాగు నడుమ ఒకడు పడిపోతానన్న భయంతో పట్టుకోసం దాని పెంకులో గొడ్డలి దింపాడు. తాబేలు వాళ్లను పడెయ్యలేదు. అందరినీ ఒడ్డుకు చేర్చి, గొడ్డలితోనే మునిగిపోయింది. అందుకే ఏటా తొలి వానలప్పుడు మా ఇంటివాళ్లం వాగు దాటేముందు ఒడ్డునున్న గుండ్రాయి మీద దోసెడు నీళ్లు పోసి, పండుకో, మేం మెల్లగ పోతం అని చెప్పి దాటుతాం.

మధ్యాహ్నం అంతా గడిచింది. భాయ్ ఒక్కసారి కూడా తర్వాత ఏమైందని అడగలేదు. చివర్లో మాత్రం, "అయితే మళ్ల పండవెట్టొచ్చన్నట్టు" అన్నాడు.

"పండవెట్టచ్చు సాయిబన్నా. లేపినోడే పండవెట్టాలె" అన్నాడు నాన్న.

తిరుగు బస్సులో భాయ్ అన్నాడు, "మీ నాయన ఆగిన కాడల్లా బటన్ నొక్కబుద్ధయింది తమ్మీ. నొక్కలే." ఆ రోజు ఇద్దరం నవ్విన నవ్వుకు కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు.

షాపుకు రాగానే భాయ్ ఆ ఆటలో పక్కదారి మనుషులందరినీ మళ్లీ కలవడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు తాబేలు సంగతి చెప్పకపోరని ఆయన నమ్మకం. నాలుగో లోయలో కుండలు చేసే ముసలామె చెప్పింది. ఆమె మాటలు మాత్రం ఎంతకీ అయిపోవు, అందుకే ఎవరూ వినలేదు. అన్నీ విన్నాక చివర్లో అంటుంది, తొమ్మిది లోయల ఊటల నుంచి తొమ్మిది కుండల నీళ్లు తెచ్చి పోస్తే తాబేలు పడుకుంటుందని.

చదవడానికి తేలిక. కుండ పట్టుకుంటే కావలివాడు బరిసె పట్టలేడు. దెబ్బ తప్పించుకోలేడు, పరుగెత్తలేడు. వేలు అదిరితే నీళ్లు తొణుకుతాయి. రాక్షసుల మధ్య నుంచి, వాళ్లు ఎటు చూస్తున్నారో కనిపెట్టుకుంటూ నడిచి పోవాలి. కుండ పగిలితే మళ్లీ ఊట దగ్గరికి. ఆ ఆట మొత్తంలో అంతకంటే కష్టమైనది లేదు.

నేను చేస్తానన్నాను. నా చేతులు గట్టివి. భాయ్ ఒప్పుకోలేదు. "లేపింది నేను. నువ్వు ముట్టకు" అన్నాడు.

వణికే చేతులతో చేశాడు. గడియారాలు వదిలేసిన చేతులతో. జాయ్‌స్టిక్ కదలకుండా బల్ల అంచుకు ఆనించి, మోచేతుల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, రోజూ షాపు తెరిచాక గిరాకీ వచ్చేలోపు కాసేపు. సెలవు రోజుల్లో నేను పక్కన కూర్చుని "కాళ్లు చూడు భాయ్" అనేవాణ్ని. నా మాట నాకే చెబుతున్నావా అనేవాడు. మొదటి కుండకే నెల పట్టింది. పిల్లలు వీపు వెనక నవ్వేవాళ్లు, ముసలాయన నీళ్లు మోస్తున్నాడని. యార్డులోకి కొత్త పత్తి వచ్చేసరికి అయిదు కుండలు. ఆరోది చెరువుకు పదిహేను అడుగుల దూరంలో పగిలింది. ఆ రోజు భాయ్ లేచి బయటికి పోయి, సందు చివర దాకా నడిచి వచ్చి, మళ్లీ కూర్చున్నాడు.

కొత్త మిర్చి వస్తున్న రోజుల్లో తొమ్మిదో కుండ పోశాడు. నేను పక్కనే ఉన్నాను. గంటలు మోగలేదు, పతకం రాలేదు. తాబేలు మెడ మెల్లగా దించి బురదలో పెట్టుకుంది, కళ్లు మూసింది. తెర మీద శాతం కదల్లేదు. తొంభై తొమ్మిదే.

"ఏమొచ్చింది భాయ్?" అని ఎవరో అడిగారు.

"ఏం రాలే" అన్నాడు. అంత సంతోషంగా ఆ మాట అన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. తర్వాత ఒక చిట్టీ రాసి ఆ మిషన్‌కు అతికించాడు. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. "ఈ ఆట ముట్టద్దు. తాబేలు పండుకున్నది."

ఇది జరిగిన ఏడాదికి భాయ్ పోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు పాత ఆటగాళ్లం కొందరం షాపు దగ్గర కలిశాం. భాయ్ భార్య, మా భాభీ, తాళం ఇచ్చి తెరవమంది. అందరికంటే ముందు లోపలికి వచ్చింది ఆ హాస్టల్ పిల్లాడు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, హైదరాబాద్‌లో ఉంటాడు, ఆటలు ఆడుతూ చూపించే చానల్ పెట్టుకున్నాడు. వెంట స్టాండు, గుండ్రటి లైటు తెచ్చాడు. మేం కుర్చీలు సర్దుతుండగానే తాబేలు ఉన్న మిషన్ ముందు లైటు పెట్టి, ఫోన్ బిగించి కూర్చున్నాడు. ఫోన్ తెర మీద లైవ్ వీడియోకు ముందే పేరు రాసి పెట్టుకున్నాడు. భాయ్ చివరి కోరిక, వంద శాతం.

చివరి కోరిక. మనిషి షట్టర్ కింద కూలి చచ్చిపోయాడు. ఏ కోరికా చెప్పుకునే తీరిక ఆయనకు దొరకలేదు. ఈయన వచ్చి కోరిక రాసిపెట్టాడు.

నేను పోయి చూసేసరికి కావలివాడు చెరువు ఒడ్డున ఉన్నాడు, బరిసె చేతిలో ఉంది.

"చిట్టీ చదివినవా?" అన్నాను.

"చదివిన అన్నా. జోక్ అనుకున్న. ఒక్క శాతమే కదా. భాయ్ కోసమే చేస్తున్న, ఎంతమంది చూస్తున్నరో తెలుసా?"

నా చెయ్యి లేచింది. అబద్ధం ఉండదన్నాను కాబట్టి చెబుతున్నాను, వాణ్ని కొట్టేవాణ్నే. చూసేవాళ్లందరి ముందు ఆ గుండ్రటి లైటు వాడి నెత్తి మీద పగలగొట్టేవాణ్ని. ఆ ఒక్క దెబ్బ పడితే తాబేలు లేస్తుంది, భాయ్ ఆ తొమ్మిది కుండలు మోసిందంతా బురదలో పోతుంది. పండబెట్టడానికి లేపినవాడే ఉండాలి. వీడు కుండ మోస్తాడా? మోసే వీడియోకు ఎవరూ రారు.

భాభీ ఖీర్ గిన్నెలు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. గిన్నెలు బల్ల మీద పెట్టి, తెర వంక చూసింది.

"గిదేనా గా తాబేలు?" అంది.

అవునన్నాను.

"గిది పండుకున్న దినం ఆయన ఇంటికి మీఠా తెచ్చిండు. పండుగ కాదు, ఏం కాదు. ఎవరన్న పాసయిండ్రా అని అడిగిన. ఒకరిని పండవెట్టిన అన్నడు. పిచ్చి లేసిందేమో అనుకున్న." ఆమె ఆ పిల్లాడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "బేటా, నిన్ను గూడ ఒకనాడు ఏడ్చుకుంట వస్తే మా ఇంట్ల పండవెట్టిండు. యాదున్నదా? పొద్దుగూకే దాక లేవలే నువ్వు. ఎవ్వరు చప్పుడు చెయ్యద్దని నన్ను గిన్నెలు గూడ తోమనియ్యలే."

వాడు తెర వైపు చూశాడు, భాభీ వైపు చూశాడు. జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టాడు. లైటు మాత్రం ఆర్పలేదు, అది నేనే ఆర్పాను.

వాడు మారిపోయాడని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టాలని నాకు లేదు. వారానికే హైదరాబాద్‌లో వేరే మిషన్ మీద తాబేలును చంపి, భాయ్ ఫొటో వేసి, ఏడుపు సంగీతం పెట్టి వీడియో వదిలాడు. దాని కింద మన హాస్టల్ సారు దండం పెట్టే బొమ్మ పెట్టాడట, గొప్ప మనిషి అని రాశాడట. ఎవరో చూపించబోతే నేను చూడలేదు. బతికున్నప్పుడు పిల్లలను చెడగొట్టినవాడు, వీడియోలోకి వచ్చేసరికి గొప్ప మనిషి అయ్యాడు. భాయ్ జనాజాకు, ఆ అంతిమయాత్రకు, సారు రాలేదు. ఆ సందులో కాలేజీలు ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. వచ్చింది హమాలీలు, కర్రీ పాయింట్ ఆమె, కొందరు పిల్లలు. మేం మూడు పిడికెళ్ల మట్టి వేసి వచ్చాం. హమాలీల చేతుల ఘాటు ఆ మట్టికి అంటుకునే ఉంటుంది. భాయ్ ఏమీ అనుకోడు.

షాపు గది ఖాళీ చేశారు. అందులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. తాబేలు ఉన్న మిషన్ భాభీ నాకు ఇచ్చింది, చిట్టీతో సహా. దాంతోపాటు సగం మిగిలిన కొబ్బరి నూనె సీసా. నేనిప్పుడు బస్తాలు మొయ్యడం లేదు, నా చేతులకు ఘాటు లేదు. అయినా సెలవు రోజు పొద్దున దాని ముందు కూర్చునే ముందు నూనె పూసుకుని కడుక్కుంటాను.

మిషన్ పెడతాను. కావలివాడు భాయ్ వదిలిన చోటే ఉంటాడు, చెరువు ఒడ్డున, ఖాళీ కుండ పక్కన పెట్టుకుని. బురదలో తాబేలు ఊపిరి తీసుకుంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని వీపు మీది కొండ కొంచెం లేస్తుంది, కొండ మీది చెట్లు కదులుతాయి, మళ్లీ దిగుతుంది. నేను ఏ బటనూ నొక్కను.